స్కూల్ ఫర్ స్కౌండ్రల్స్ (1960): కారు సీన్ దగ్గర మా నాన్న లేచి వెళ్లిపోయారు

మల్లెపందిరి:
అందరికీ నమస్కారం. శనివారం రాత్రి నాన్నతో కూర్చుని ఒక పాత ఇంగ్లిష్ సినిమా పెట్టాను. స్కూల్ ఫర్ స్కౌండ్రల్స్. బ్లాక్ అండ్ వైట్, గంటన్నర పైచిలుకు. ఎదుటివాణ్ణి బురిడీ కొట్టించడం పాఠాలుగా చెప్పే కాలేజీ ఒకటి, అందులో చేరిన ఒక అమాయకుడు, అతని ప్రేమ. ఇదీ సినిమా.

చూడనివాళ్ల కోసం కథ చెప్తాను. హెన్రీ పాల్‌ఫ్రీ (ఇయాన్ కార్మైకేల్) లండన్‌లో వారసత్వంగా వచ్చిన కంపెనీకి యజమాని. పేరుకే యజమాని, పెత్తనమంతా పెద్ద గుమాస్తా గ్లోట్‌బ్రిడ్జ్‌దే. ఒకరోజు బస్సు కోసం పరుగెత్తుతూ ఏప్రిల్ (జానెట్ స్కాట్) అనే అమ్మాయిని గుద్దేస్తాడు. ఆమె చేతిలో పొట్లాలన్నీ కిందపడతాయి, అలా పరిచయం. భోజనానికి తీసుకెళ్తే హోటల్లో ఇతనికి టేబుల్ దొరకదు. అక్కడికి రేమండ్ డెలోనీ (టెర్రీ-థామస్) తయారవుతాడు. ముందు పళ్ల మధ్య సందు, చేతిలో సిగరెట్ హోల్డర్, బయట ఖరీదైన స్పోర్ట్స్ కారు. "మా టేబుల్‌కి రండి" అని పిలిచి, ఆ ఒక్క పూటలోనే హెన్రీని పిల్లాణ్ణి చేసి కూర్చోబెడతాడు.

నాకూ కారుండాలి అనుకుని హెన్రీ పాత కార్లు అమ్మే అన్నదమ్ముల దగ్గరికి వెళ్తాడు. తేనె పూసిన మాటలు వాళ్లవి. 1924 నాటి స్విఫ్ట్‌మొబైల్ అని ఒక డొక్కు బండి అంటగడతారు. అక్కడే నాన్న "మంచినీళ్లు తాగొస్తానమ్మా" అని లేచారు. మళ్లీ రాలేదు. వెళ్లి చూస్తే వరండాలో కూర్చుని ఉన్నారు.

మా నాన్న 1983లో రాజమండ్రిలో సెకండ్‌హ్యాండ్ స్కూటర్ కొని మోసపోయారని అమ్మ ఎప్పుడో చెప్పింది. నాన్న నోటి నుంచి మాత్రం ఆ మాట ఒక్కసారి కూడా వినలేదు. నాకు ఈ సినిమా చాలా నచ్చింది. మిగతాది ఆయనకి చూపించాలా వద్దా అన్నదే ఇప్పుడు నా బాధ. సినిమా చూసినవాళ్లు చెప్పండి.

పాతరీలు:
చూపించండి, తప్పకుండా చూపించండి. ఆ కారు మళ్లీ ఆ అన్నదమ్ముల దగ్గరికే వెళ్తుంది. ఆ సీన్ చూడకుండా వదిలేస్తే నాన్నగారి మనసులో సగం సినిమానే మిగిలిపోతుంది.

ఆ అన్నదమ్ముల్లో ఒకరు డెనిస్ ప్రైస్. 1949లో కైండ్ హార్ట్స్ అండ్ కరొనెట్స్‌లో నాజూకుగా హత్యలు చేసుకుంటూ పోయే హీరో ఆయనే. పదకొండేళ్ల తర్వాత ఇక్కడ గ్యారేజీ ముందు నిలబడి డొక్కు కార్లు అమ్ముతున్నాడు. రెండు సినిమాలకీ డైరెక్టర్ ఒక్కరే, రాబర్ట్ హేమర్. మద్యం ఆయన్ని తినేసింది. ఈ సినిమా షూటింగ్ మధ్యలో పనికి రాలేని స్థితికి వెళ్లిపోతే, నిర్మాత హాల్ ఛెస్టర్, సిరిల్ ఫ్రాంకెల్ కలిసి మిగతాది పూర్తిచేశారు. తెరమీద పేరు మాత్రం హేమర్‌దే. ఆయనకి ఇదే ఆఖరి సినిమా. 1963లో, 52 ఏళ్లకే పోయారు. ఇంత తేలిగ్గా నవ్వించే సినిమా వెనక ఆ మనిషి ఏ స్థితిలో ఉన్నాడో తలుచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది.

ఇంకో ముచ్చట. డొక్కుదని చూపించిన ఆ స్విఫ్ట్‌మొబైల్ పేరు కల్పితం. నిజానికి అది వేషం మార్చిన పాత బెంట్లీ. డెలోనీ నడిపే బెల్లీని కూడా కల్పితమే, అది వేషం వేసిన ఆస్టన్ మార్టిన్.

ఇంగ్లిష్‌మాస్టారు:
ఈ చర్చ చూసి చాలా సంతోషం కలిగింది. నేను ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పాను. ఈ సినిమాకి మూలమైన పుస్తకాలు మా లైబ్రరీలో ఉండేవి. ఎవరూ తీసేవారు కాదు, నేనే తీసి చదివేవాణ్ణి.

రచయిత పేరు స్టీఫెన్ పాటర్. ఇంగ్లిష్ సాహిత్యం బోధించినవాడు, బీబీసీలో పనిచేసినవాడు. అసలు మోసం అనిపించుకోకుండా ఆట గెలవడం ఎలా అని 1947లో గేమ్స్‌మన్‌షిప్ అనే పుస్తకం రాశాడు. 1950లో దాన్నే బతుకు మొత్తానికి విస్తరించి లైఫ్‌మన్‌షిప్ అన్నాడు. తెలుగులో దానికి మాట వెతుక్కోనక్కర్లేదు, బతకనేర్చినతనం. 1952 పుస్తకం పేరు వన్-అప్‌మన్‌షిప్, అంటే ఎప్పుడూ ఎదుటివాడి కంటే ఒక మెట్టు పైన ఉండే విద్య. ఆ మాట ఇప్పుడు నిఘంటువుల్లోకి ఎక్కింది. సినిమాలో ఆలస్టెయిర్ సిమ్ వేసిన ప్రిన్సిపాల్ పాత్ర పేరు కూడా పాటరే. ఆయన చెప్పే మూలసూత్రం ఒక్కటే: నువ్వు పైన లేకపోతే కింద ఉన్నట్టే లెక్క.

ఈ విద్య ఎక్కడ పుట్టిందో పాటరే రాశాడు. 1931 జూన్‌లో ఒక టెన్నిస్ ఆట. ఇటు పాటర్, తత్వశాస్త్రం చెప్పే సి.ఇ.ఎం. జోడ్. అటు ఇద్దరు కుర్ర విద్యార్థులు. కుర్రాళ్లు బలంగా సర్వీసులు కొడుతున్నారు. జోడ్ ఎలాగో బ్యాటు తగిలించాడు. బంతి నేల తాకకుండానే నేరుగా వెళ్లి వెనక వలకి కొట్టుకుంది. అవుటని గుడ్డివాడికైనా తెలుస్తుంది. కుర్రాళ్లు తరవాతి సర్వీసుకి అటు నడుస్తుంటే, జోడ్ ఎంతో మర్యాదగా, "దయచేసి బంతి లోపల పడిందో బయట పడిందో స్పష్టంగా చెప్పండి" అన్నాడు. వాళ్లు కంగారుపడ్డారు. పోనీ ఆ పాయింట్ మళ్లీ ఆడదామా అన్నారు. వద్దు, స్పష్టంగా చెబితే చాలు అన్నాడాయన. అంతే, పెద్దల ముందు మర్యాద తప్పామేమోనన్న శంక ఆ పిల్లల్ని పట్టుకుంది. చేయి వణికింది, ఆట పోయింది. అబద్ధం లేదు, దొంగాట లేదు. ఎదుటివాడి మంచితనంలోకే సూది గుచ్చడం, అంతే.

ఈ జోడ్ గారు మనకి అంత పరాయివారేం కాదు. మన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి తత్వం మీద 1933లో ఇంగ్లండులో ఒక పుస్తకం రాశారు. అప్పుడు రాధాకృష్ణన్ వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్. అదే జోడ్ 1948లో ఎగ్జిటర్ వెళ్లే రైల్లో టికెట్ లేకుండా దొరికిపోయారు. రెండు పౌండ్ల జరిమానా పడింది. రేడియోలో ఇంటింటికీ తెలిసిన గొంతు ఆయనది. ఆ ఒక్క దెబ్బతో బీబీసీ ఆయన్ని పక్కన పెట్టేసింది. ఎదుటివాణ్ణి తడబడేలా చేయడంలో ఆరితేరిన మనిషి ఒక రైలు టికెట్ దగ్గర పడిపోవడం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

బ్యాక్‌హ్యాండ్:
మాస్టారూ, ఆ టెన్నిస్ ముచ్చట చదివి ఒళ్లు జలదరించింది. నేను జిల్లా స్థాయిలో షటిల్ ఆడాను, ఇలాంటివాళ్లని చూశాను. సర్వీస్ చేయబోతుంటే లేసు కట్టుకుంటానని వంగేవాడు ఒకడు. "నీ గ్రిప్ మారినట్టుంది, మంచిదే" అని నవ్వి వెళ్లేవాడు ఇంకొకడు. ఇక ఆ రోజంతా మన ధ్యాస గ్రిప్ మీదే.

సినిమాలో మొదటి టెన్నిస్ సీన్ నేను ఆపి ఆపి నాలుగుసార్లు చూశాను. డెలోనీ ఆడుతున్నది ఆట కాదు. హెన్రీ పాయింట్ పోగొట్టుకున్న ప్రతిసారీ "హార్డ్ చీజ్" అంటాడు. అయ్యో పాపం, అదృష్టం లేదు అని అర్థం. టెర్రీ-థామస్ ఆ రెండు మాటల్ని సాగదీసే తీరు వినాల్సిందే. ఓడిపోయినందుకు కాదు, ఏప్రిల్ చూస్తుండగా జాలి పడినందుకు హెన్రీ ముఖం పాలిపోతుంది. కాలేజీ నుంచి తిరిగొచ్చాక రెండో ఆట ఉంది. ఈసారి హెన్రీ ఎదుటివాణ్ణి కాచుకోబెట్టి, అక్కర్లేని చిన్న చిన్న అడ్డంకులు పెట్టి, కోర్టులో దిగకముందే వాడి ఓపిక పిండేస్తాడు. ఆట మొదలయ్యేసరికి డెలోనీకి రాకెట్ కూడా సరిగా అందడం లేదు. చివరికి "హార్డ్ చీజ్" అనేది హెన్రీ.

మల్లెపందిరి గారూ, నాన్నగారికి ఆటలంటే ఇష్టమైతే ముందు ఈ ముక్క చూపించండి.

ఉగాదికోయిల:
నేను కొంచెం పక్కకి జరిగి మాట్లాడతాను, ఎవరూ నొచ్చుకోకండి. కార్ల మోసం, టెన్నిస్ ఎత్తులు బాగానే ఉన్నాయి. కాలేజీలో ఇంకో పాఠం ఉంది కదా, దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. అమ్మాయిల్ని వల్లో వేసుకునే పాఠం. పొరపాటున అన్నట్టు గ్లాసు ఒలకబోయాలి, తడిసిన బట్టలు మార్చుకోమనాలి, ఇలా ఒక్కో మెట్టూ లెక్కవేసి చెప్తారు. ఆ క్లాసు చూస్తుంటే నాకు నవ్వు రాలేదు. కారు అమ్మేవాడు జేబు కొడతాడు. ఇక్కడ ఒక మనిషి నమ్మకాన్నే కొడుతున్నారు.

అయినా నేను ఈ సినిమాని వదిలేయలేదు, ఎందుకంటే చివరి పది నిమిషాలు. హెన్రీ ఏప్రిల్‌ని ఇంటికి తీసుకొస్తాడు, నేర్చుకున్న విద్య అంతా మొదలుపెడతాడు, అన్నీ అనుకున్నట్టే జరుగుతున్నాయి. సరిగ్గా అప్పుడు చేయి వెనక్కి తీసేసుకుంటాడు. చేయలేకపోతాడు. ఈలోగా డెలోనీ ఆ ప్రిన్సిపాల్‌ని వెంటబెట్టుకుని వచ్చి గుట్టు రట్టు చేస్తాడు. ఏప్రిల్ వింటుంది. ఇక హెన్రీకి మిగిలింది ఒక్కటే దారి, ఉన్నది ఉన్నట్టు చెప్పేయడం.

అక్కడ సిమ్ ముఖం చూశారా? శిష్యుడు నిజం మాట్లాడుతుంటే గురువు తల్లడిల్లిపోతాడు. మన వైపు తిరిగి, ఈ నిజాయితీ అనేది తలెత్తిందంటే మా విద్య ఎందుకూ పనికిరాదండి అని క్షమాపణ చెప్పుకుంటాడు. అరవై ఏళ్ల కిందటి సినిమా ఒక ఆడపిల్ల విషయంలో ఆ గీత ఎక్కడ గీసిందో చూసి నాకు గౌరవం కలిగింది.

పాతరీలు:
కోయిల గారూ, మీ మాట నిజమే. కానీ ఒక్క సందేహం. ఆ విద్య నేర్చుకోకపోతే ఏప్రిల్ అతని ఇంటిదాకా వచ్చేదా? డెలోనీ నీడలోంచి బయటికి వచ్చేవాడా?

ఉగాదికోయిల:
నేను సినిమా మళ్లీ చూశాక రాస్తున్నాను. ఏప్రిల్ మొదటి నుంచీ హెన్రీ వైపే మొగ్గి ఉంది. బస్సు దగ్గర పొట్లాలు ఏరుతున్నప్పుడే ఆ చూపు ఉంది. తనని ఆమె ఇష్టపడుతోందని నమ్మలేనిది హెన్రీనే. కాబట్టి కాలేజీ ఆమెని గెలిచి పెట్టలేదు. అతని వెన్ను నిటారుగా చేసింది, అంతే. గ్లోట్‌బ్రిడ్జ్ ముందు, హోటల్ సర్వర్ ముందు, కార్ల వాళ్ల ముందు ఆ వెన్ను కావాలి. ఏప్రిల్ ముందు అక్కర్లేదు.

డెక్కన్‌పోరడు:
అన్నలూ, అక్కలూ, మీరంతా ఇంత మాట్లాడుతున్నరు, ఒక్కరు కూడా ఛోటీ సీ బాత్ అనలేదు! బాసు చటర్జీ 1976లో హిందీల తీసింది ఈ కథనే. దూరదర్శన్‌లో మా అమ్మతోని కూర్చుని చూసిన. లండన్ బస్సు బొంబాయి బస్టాప్ అయింది, టెన్నిస్ టేబుల్ టెన్నిస్ అయింది, డెలోనీ పోయి స్కూటర్ మీద అస్రానీ వచ్చిండు, ఆలస్టెయిర్ సిమ్ జాగలో ఖండాలాలో అశోక్ కుమార్ కర్నల్. డొక్కు కారు బదులు డొక్కు మోటార్ సైకిల్.

రెండూ చూసినంక నాకు ఒకటి తోచింది. పాల్‌ఫ్రీ కంపెనీ ఓనర్. పైసలున్నయ్, దమ్ము లేదు. అమోల్ పాలేకర్ ఆఫీసుకు బస్సులో పోయే జీతగాడు. అప్పట్ల జహంగీర్ ఆర్ట్ గ్యాలరీలో ఉండిన సమోవార్ క్యాఫేలో ఎదురుగ విద్యా సిన్హా కూర్చుంటే, ఏం మాట్లాడాల్నో తెల్వక నీళ్లు నములుతడు. అది మనమే అనిపిస్తది. బ్రిటిష్ సినిమా చూసి నవ్విన, ఇది చూసి నవ్వుకుంట నవ్వుకుంట కండ్లల్ల నీళ్లు పెట్టుకున్న. యేసుదాసు పాట ఒకటి ఉంది గదా, సలీల్ చౌదరి ట్యూను, ఇప్పటికీ పొద్దున బండి మీద పోతుంటే పాడుకుంట.

ఇంగ్లిష్‌మాస్టారు:
బాబూ, చాలా బాగా చెప్పావు. పాటర్ పుస్తకాలు ఎగువ తరగతి ఇంగ్లిష్‌వాళ్ల క్లబ్బుల్ని ఆటపట్టించినవి. బాసు చటర్జీ దాన్ని గుమాస్తాల బొంబాయికి తెచ్చాడు, ఆ స్క్రీన్‌ప్లేకి ఫిలింఫేర్ కూడా అందుకున్నాడు. అనుసరణ అంటే అదీ.

థేమ్స్‌నీళ్లు:
లండన్ నుంచి రాస్తున్నాను. వచ్చి ఇరవై రెండేళ్లయింది. మల్లెపందిరి గారు రాసిన స్కూటర్ మాట దగ్గర ఆగిపోయాను. అది ఈ సినిమాకి దూరమైన విషయం కాదు.

యుద్ధం అయిపోయాక బ్రిటన్ అప్పుల్లో కూరుకుపోయింది. తయారైన కొత్త కార్లలో ఎక్కువ భాగం డాలర్ల కోసం ఎగుమతి చేసేవారు. ఇక్కడి మనిషికి కొత్త కారు కావాలంటే ఏళ్ల తరబడి వెయిటింగ్. దాంతో పాత కార్లకి గిరాకీ ఎగబాకింది. లండన్‌లో వారెన్ స్ట్రీట్ ఆ వ్యాపారానికి పేరుమోసింది. పేవ్‌మెంట్ మీదే బేరాలు, చేతిలో నోట్ల కట్టలు, రాత పత్రాలు తక్కువ. తిండి రేషన్ కూడా 1954 దాకా నడిచింది. సరుకు తక్కువైన చోట తీపి మాటలవాడు పుడతాడు. 1960 నాటికి రోజులు మారాయి కానీ, ఆ అన్నదమ్ముల్ని తెరమీద చూసిన ప్రతివాడికీ తనని ముంచిన ఒక మొహం గుర్తుకొచ్చి ఉంటుంది.

మన దగ్గరా అంతే కదండీ. డెబ్బైలు, ఎనభైల్లో స్కూటర్ బుక్ చేసి ఏళ్లకేళ్లు ఎదురుచూశారు. చేతిలో ఉన్న బండి కొత్తదాని కంటే ఎక్కువ ధరకి అమ్ముడుపోయిన రోజులున్నాయి. మీ నాన్నగారు అమాయకులు కాబట్టి మోసపోలేదు. వేరే దారి లేని మనిషి దగ్గరికి మోసగాడు వెళ్లాడు.

డెక్కన్‌పోరడు:
అన్నా, ఈ మాట మా నాయినకు కూడా చదివి వినిపించిన.

నేను కూడా ఒకటి చెప్త. మూడేండ్ల కింద సెకండ్‌హ్యాండ్ బైక్ కొన్న. అమ్మినాయన నేను పోయేటప్పటికే ఇంజిన్ వేడి చేసి పెట్టిండు. కిక్ కొట్టంగనే స్టార్ట్ అయింది, ఖుషీ అయిన. తెల్లారి చల్ల ఇంజిన్ మీద పదిహేను కిక్కులు. మెకానిక్ దగ్గరికి తీసుకపోతే, బండి చూడబోయినప్పుడు ముందుగాల సైలెన్సర్ మీద చెయ్యి పెట్టి చూడాలె, వెచ్చగుంటే కొనద్దు అన్నడు. అప్పటి నుంచి దోస్తులు ఎవరు బండి కొన్నా నన్ను ఎంబడి తీసుకపోతరు.

మల్లెపందిరి:
నేను రెండు రోజులుగా ఇవన్నీ నాన్నకి చదివి వినిపిస్తున్నాను. ఉక్కపోతకి వరండాలోనే కూర్చున్నాం. థేమ్స్‌నీళ్లు గారు రాసింది చదివినప్పుడు "ఆ చివరి వాక్యం మళ్లీ చదువు" అన్నారు. చదివాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మొదలుపెట్టారు.

ఆ స్కూటర్ అమ్మినాయన అంతకుముందు మా ఇంటికి రెండుసార్లు వచ్చాడట. అమ్మ కాఫీ ఇచ్చింది. రెండోసారి నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని బిళ్లలు కూడా ఇచ్చాడట. నాకప్పుడు మూడేళ్లు. బండి తెచ్చిన నాలుగో రోజు గోదావరి బ్రిడ్జి మీద ఆగిపోయింది. నాన్న కొవ్వూరు దాకా తోసుకుంటూ వెళ్లారు. ఇంజిన్ నంబర్ కూడా చెక్కి మార్చిందని అక్కడి మెకానిక్ చెప్పాడు. పోలీసుల దగ్గరికి వెళ్తే బండి దొంగతనం నా మెడకే చుట్టుకుంటుందేమోనని భయపడ్డాను అన్నారు. తుక్కు కింద అమ్మేశారు. "డబ్బు పోయింది సరే, మీ అమ్మ చేతి కాఫీ తాగి వెళ్లాడు కదమ్మా" అన్నారు. నలభై ఏళ్లు ఆయన మోసింది ఆ కాఫీనని నాకు మొన్ననే తెలిసింది.

నిన్న రాత్రి మిగతా సినిమా పెట్టాను.

బ్యాక్‌హ్యాండ్:
చూశారా? కారు వెనక్కిచ్చే సీన్ దగ్గర ఏమన్నారు?

మల్లెపందిరి:
చెప్తాను. హెన్రీ ఆ డొక్కు కారుతో మళ్లీ గ్యారేజీకి రాగానే నాన్న కళ్లజోడు సరిచేసుకుని ముందుకి జరిగారు. ఈసారి వాళ్ల ఆశనే వాళ్లకి ఎరగా వేసి, అదే కారు వాళ్లకే అంటగట్టి, బదులుగా ఆస్టిన్-హీలీ స్పోర్ట్స్ కారు తీసుకుని, పైన ఎదురు డబ్బు కూడా పట్టుకుపోతాడు కదా. నాన్న తొడ మీద కొట్టుకుని నవ్వారు. అంత గట్టిగా నవ్వడం అమ్మ పోయాక ఇదే మొదటిసారి. వెనక్కి తిప్పమన్నారు. తిప్పాను. రెండోసారి కూడా అంతే నవ్వారు.

మూడోసారి చూశాక మాత్రం నవ్వు ఆపి, "కారుకి కారు తీసుకున్నాడు, బాగుంది. ఆ ఎదురు డబ్బు తీసుకోకుండా ఉండాల్సింది" అన్నారు.

నేను వాదించాను. వాళ్లు ఎంతమందిని ముంచారో, ఆ డబ్బు ఓ లెక్కా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "తనది తను తెచ్చుకోవడం వేరమ్మా" అని అక్కడే నిలబడ్డారు.

ఉగాదికోయిల:
ఏప్రిల్ ముందు హెన్రీ చేయి వెనక్కి తీసుకున్నప్పుడు ఏమన్నారు?

మల్లెపందిరి:
ఏమీ అనలేదండి. తల ఊపారు. చివర్లో యోవిల్ స్టేషన్‌లో డెలోనీ రైలు దిగి ఆ కాలేజీకే బయల్దేరుతుంటే మాత్రం, "వీడికి నేర్పేదేముంది, వీడు అన్నీ వచ్చినవాడే కదా" అన్నారు. మాస్టారు గారు దీనికి ఏమంటారో అడగమన్నారు.

ఇంగ్లిష్‌మాస్టారు:
నాన్నగారికి నా నమస్కారాలు చెప్పమ్మా. డెలోనీకి అంతవరకూ తెలిసింది గెలవడం ఒక్కటే. ఓడిపోయినవాడిగా తలుపు తట్టడం అతనికి అదే మొదటిసారి. అందుకే చేరాడనుకుంటాను. ఎదురు డబ్బు విషయంలో నేను నాన్నగారి పక్షం.

డెక్కన్‌పోరడు:
నేను అక్క పక్షం. పైసలు తీసుకోవాల్సిందే. నాయినకు ఆదివారం ఛోటీ సీ బాత్ చూపియ్యి అక్కా, మోటార్ సైకిల్ సీన్ దగ్గర ఏమంటడో రాయి.

మల్లెపందిరి:
తప్పకుండా రాస్తాను తమ్ముడూ. బండి కొనడానికి వెళ్తే సైలెన్సర్ మీద చెయ్యి పెట్టి చూడాలన్న నీ మాట విని, "ఆ రోజు నాకీ సంగతి తెలిసుంటే" అన్నారు. ఇప్పుడు కింద పార్కింగ్‌లో పక్కింటి కుర్రాడు కొన్న పాత బైక్ దగ్గర నిలబడి, ఆ అబ్బాయికి అదే చెప్తున్నారు.